మే నెలలో తాళం కోర్టుకే, ఆఫీసుకి కాదు

వేసవి ఇంటర్న్‌షిప్‌కి వస్తామని ఫోను చేసే పిల్లలకి నేను మొట్టమొదట చెప్పే మాట ఒకటే. నాయనా, మే నెలలో సివిల్ కోర్టులకి సెలవులు. అవనిగడ్డ కోర్టయినా అంతే, బందరు కోర్టయినా అంతే. అత్యవసరమైన పిటిషన్లు వినడానికి ఒక వెకేషన్ కోర్టు ఉంటుంది, మేజిస్ట్రేటు ముందు రిమాండ్లు నడుస్తూ ఉంటాయి, మిగతా దావాలన్నీ జూన్ దాకా కదలవు. "అయ్యో, మరెలా సార్?" అంటాడు అవతలివాడు. లా కాలేజీలో మూడేళ్ళు గడిపిన కుర్రాడు! సుప్రీంకోర్టు 2024లో వేసవి సెలవులన్న పేరు తీసేసి పాక్షిక పనిదినాలని పెట్టుకుందని వాడికి తెలుసు. తాతగారి ఊరి పక్కనున్న కోర్టు ఎప్పుడు మూస్తారో తెలియదు. మా రోజుల్లో ఈ సంగతి బడికెళ్ళే పిల్లలకి కూడా తెలిసేది. ప్లీడరుగారు పంచె కట్టుకుని మామిడితోటలో కనిపించారంటే కోర్టులకి సెలవులిచ్చినట్టే.

అయినా ఇప్పటి పిల్లలకి కోర్టు తెరిచి ఉంటే ఏమిటి, మూసి ఉంటే ఏమిటి! ఇంటర్న్‌షిప్ అంటే హైదరాబాదులోనో బొంబాయిలోనో పదో అంతస్తులో ఆఫీసు, ఏసీ, మెడలో ఐడీ కార్డు. ఆ కార్డుతో మొదటిరోజే ఫొటో తీసుకుని లింక్డ్ఇన్‌లో పెట్టడం. ఆ తర్వాత వారాల తరబడి ఎవరో ఎవరికో రాసుకున్న ఒప్పందంలో కామాలు, ఫుల్‌స్టాపులు సరిచూడటం. కొందరైతే ఆ మాత్రం కష్టం కూడా పడరు, ఇంట్లో మంచం దిగకుండానే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ చేసేస్తారు. సర్టిఫికెట్టు కూడా ఫోనులోకే వస్తుంది. కక్షిదారు మొహం చూడకుండా, వాడి గోడు ఒక్కపూట వినకుండా వకీళ్ళయిపోతున్నారు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్సు నీ కాలేజీ లైబ్రరీలోనే ఉంటాయి, ఒకసారి తిరగెయ్యి. మూడేళ్ళ కోర్సువాడు చదువు మొత్తం మీద 12 వారాలు, ఐదేళ్ళవాడు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. ఒక్కసారైనా ట్రయలు చేసే వకీలు దగ్గరా, అప్పీళ్ళు చేసే వకీలు దగ్గరా ఉండి తీరాలి. డైరీ రాయాలి. ఒక సివిల్ ట్రయలూ ఒక క్రిమినల్ ట్రయలూ చూడాలి. కక్షిదారుతో వకీలు మాట్లాడుతుంటే రెండుసార్లు పక్కన కూర్చుని వినాలి. దావా కాగితాలు ఎలా తయారవుతాయో, ఎలా దాఖలవుతాయో చూసి రాయాలి. వీటికి మార్కులున్నాయి కూడా: ట్రయళ్ళకి 30, కక్షిదారు మాటలకి 15, కాగితాలకి 15. ఆ రూలు రాసినవాళ్ళెవరో గానీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మరి పిల్లలు దాన్నేం చేశారు? సంతకం కోసం నా ముందుకొచ్చే డైరీలు చూస్తున్నాగా. ఒకే ట్రయలు ముగ్గురి డైరీల్లో అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. సాక్షి పేరు ఒకడు తప్పు రాస్తే ముగ్గురికీ అదే తప్పు.

నేను వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో చదివే రోజుల్లో ఈ డైరీల్లేవు, ఈ వారాల లెక్కా లేదు. మా ముందు తరంవాళ్ళు సీనియరు దగ్గర అప్రెంటిసు చేస్తేగానీ సన్నదు దొరికేది కాదు. 1961 నాటి అడ్వొకేట్స్ యాక్టులో కూడా శిక్షణ, పరీక్ష ఉండేవి, 1973 సవరణలో వాటిని ఎత్తేశారు. మళ్ళీ 1995లో బార్ కౌన్సిల్ ఏడాది శిక్షణ పెడితే, వి. సుధీర్ కేసులో 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక 2011 నుంచి ఆలిండియా బార్ ఎగ్జామని ఒకటి పెట్టారు. మొదట్లో అది కూడా పుస్తకాలు ముందేసుకుని రాసిన పరీక్షే! అంటే మేం చదివినప్పుడు చట్టప్రకారం ఏ శిక్షణా అక్కర్లేదు. చట్టం అక్కర్లేదంది గానీ మా నాన్నగారు అనలేదు. పరీక్షలు రాసి మోపిదేవి వచ్చిన మర్నాడే సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో దణ్ణం పెట్టించి, చల్లపల్లి మీదుగా బందరు తీసుకెళ్ళి, ఒక పెద్ద ప్లీడరుగారి వరండాలో నిలబెట్టారు. "మావాడండీ" అన్నారు. "ఉండనివ్వండి" అన్నారాయన. బయోడేటా లేదు, ఇంటర్వ్యూ లేదు. మా నాన్న తిరుగు బస్సుకి వెళ్ళిపోయారు, నేను ఉండిపోయాను. అది 1978 వేసవి.

బయట ఎండ, చొక్కాకి అంటుకునే బందరు ఉప్పుగాలి. లోపల ఒక్కటే ఫ్యాను, అది సీనియరుగారి నెత్తిమీద. కోర్టులు నడిచే రోజుల్లో ఆయనకి ఒక కట్ట తీరిగ్గా విప్పే వేళ ఉండేది కాదు. పొద్దున్న కాల్ వర్కు, మధ్యాహ్నం క్రాసులు, సాయంత్రం కక్షిదార్లు. మే నెల వస్తేనే ఆయనకి ఊపిరాడేది. జూన్‌లో ట్రయలుకి రావలసిన దావాల కట్టలు గుమాస్తాగారు అటకమీంచి దింపి, దుమ్ము దులిపి వరసగా పెట్టేవారు. అందులో ఒకటి నా ముందుకు తోసి, "మొదటి కాగితం నుంచీ చదువు" అనేవారు సీనియరుగారు. ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు, ఇష్యూలు, మధ్యలో వేసిన ఐ.ఏ.లు, లాయరు నోటీసు, తిరిగొచ్చిన కవరు, ఆ కవరు మీద పోస్టుమాను రాసిన రెండు ముక్కలు. అన్నీ చదివాక తేదీల పట్టిక వెయ్యాలి. ఎడమపక్క తేదీ, మధ్యలో ఏం జరిగింది, కుడిపక్క అది ఏ కాగితంలో ఉంది. ఇందులో తెలివితేటలు చూపించడానికేమీ లేదు. కానీ ఆ పట్టిక వేసేసరికి, ఎవడు అబద్ధం ఆడుతున్నాడో సగం తెలిసిపోయేది.

ప్రోనోటు దావా అయితే నోటు ముందువైపు తర్వాత చూడమనేవారు, ముందు వెనక్కి తిప్పి చెల్లు చూడమనేవారు. మూడేళ్ళు దాటితే కాలదోషం. ఆ లోపల బాకీదారు పది రూపాయలు కట్టి, కట్టినట్టు తన చేత్తో రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. మా పల్లెల్లో అప్పిచ్చిన రైతు పండక్కి బాకీదారు ఇంటికెళ్ళి, "డబ్బు తర్వాత చూద్దాంగానీ, ముందు ఒక పది చెల్లు పెట్టరా" అని బతిమాలేది అందుకే. లిమిటేషన్ యాక్టు 19వ సెక్షను వాళ్ళు చదవలేదు, చదవక్కర్లేకపోయింది. సీనియరుగారు భూతద్దం చేతికిచ్చి, నోటు కింద సంతకం, చెల్లు కింద సంతకం ఒక చేతివేనా చూడమనేవారు. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన పడక్కుర్చీలో నడుం వాల్చినా నా భూతద్దం నాదే.

ఆ వేసవి మామూలు వేసవి కాదు. దానికి ఆర్నెల్ల ముందే, 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. నాగాయలంక, కోడూరు దిగువ ఊళ్ళు, సొర్లగొంది లాంటివి తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. శవాలకే లెక్క తేలని చోట కాగితాల గొడవ ఎవరికి పడుతుంది? కానీ వేసవి వచ్చేసరికి బతికినవాళ్ళకి ఆ గొడవే మిగిలింది. ట్రంకు పెట్టెల్లో దాచుకున్న దస్తావేజులు, పట్టాలు, ప్రోనోట్లు పెట్టెలతో సహా సముద్రంలో కలిసిపోయాయి. రిజిస్టరైన దస్తావేజు పోతే మరీ అంత భయం లేదు, రిజిస్ట్రారాఫీసులో నకలు దొరుకుతుంది, అసలు పోయిందని రుజువు చేసుకుంటే నకలు సాక్ష్యానికి పనికొస్తుంది. అన్నదమ్ములు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాల జాబితా పోతే? ప్రోనోటు పోతే? వాళ్ళ గోడు వింటూ, ఏ తేదీన ఎవరి దగ్గర కొన్నారు, ఎవరు సాక్షి సంతకం పెట్టారు, ఆ సాక్షి బతికి ఉన్నాడా అని అడిగి రాసుకోవడం నా పని. చివరి ప్రశ్న అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఒకరోజు నాగాయలంక దిగువ నుంచి అత్తా కోడళ్ళు వచ్చారు, వెంట కోడలి అన్న. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది ఆ ఇంటాయన, నాలుగేళ్ళ కొడుకు. కోడలు పుట్టింట్లో ఉంది, అత్త కూతురింటికి వెళ్ళింది. వీళ్ళు మిగిలారు, వాళ్ళు పోయారు. ఆయన రెక్కలు ముక్కలు చేసుకుని కొన్న స్వార్జితం మూడెకరాలుంది. అత్తకి ఎకరంనర, కోడలికి ఎకరంనర అని ఊళ్ళో పెద్దమనుషులు తేల్చారు. ఆడవాళ్ళిద్దరూ సరేనన్నారు, అన్నగారికి నచ్చక ఇక్కడిదాకా తీసుకొచ్చాడు. సీనియరుగారు అంతా విని, "తండ్రీ కొడుకుల్లో ముందు పోయిందెవరమ్మా?" అన్నారు. "ఎవరు చూశారు బాబూ" అంది అత్త. ఆయన నాకేసి తిరిగి హిందూ వారసత్వ చట్టం తియ్యమన్నారు, 1956ది, 21వ సెక్షను. ఇద్దరు కలిసి పోయి, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియనప్పుడు, చిన్నవాడే పెద్దవాడి తర్వాత పోయాడని భావించాలి. అంటే తండ్రి ముందు పోయాడు, ఆయన ఆస్తి తల్లికి, భార్యకి, కొడుక్కి మూడు వాటాలైంది. ఆ తర్వాత కొడుకు పోయాడు, వాడి వాటా వాడి తల్లికొచ్చింది. కోడలికి రెండెకరాలు, అత్తకి ఒకటి. పెద్దమనుషుల లెక్కకీ చట్టం లెక్కకీ అరెకరం తేడా.

క్లాసులో ఆ సెక్షను రెండు నిమిషాల్లో దాటిపోయింది. పసివాడు తండ్రి తర్వాత ఒక్క క్షణమైనా బతికాడని అనుకోమంటోంది చట్టం. అది ఒక తల్లికీ ఒక నాయనమ్మకీ ఎదురుగా ఎలా చెబుతావు? ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, సెక్షను నంబరు ఎత్తకుండా, "మీ మనవడు మీ అబ్బాయి తర్వాత పోయాడని అనుకుంటుందమ్మా చట్టం" అని ఆగారు. చాలాసేపు ఆగారు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి ఆ ముసలావిడే, "వాడి వాటా దానికే రాయండి బాబూ, వాడు దాని బిడ్డేగా" అంది. దావా పడలేదు. గుమాస్తాగారు పంపకం దస్తావేజు చిత్తు రాశారు, నేను సాపు చేశాను. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాస్తుంటే, ఉప్పెన తర్వాత ఆ గట్లు కనిపిస్తున్నాయా అని సీనియరుగారు మళ్ళీ మళ్ళీ అడిగారు. ఇది ఏ పదో అంతస్తులో నేర్పుతారో చెప్పు!

హద్దులంటే గుర్తొచ్చింది. దావాలో షెడ్యూలు రాసే కుర్రాడు ఆ పొలం ఒక్కసారైనా తొక్కాలని మా రోజుల్లో నియమం. ఇప్పుడు ఫోనులో గూగుల్ మ్యాపు చూసి రాసేస్తున్నారు. మ్యాపులో గట్టు కనిపిస్తుంది నాయనా, గట్టు మీద తాడిచెట్టు ఎవడు కొడుతున్నాడో, బోదె నీళ్ళు ఎవడు ముందు వాడుకుంటున్నాడో కనిపిస్తాయా? మన డెల్టాలో సగం తగాదాలు అవే. అందులోనూ మే నెలంటే కొలతల కాలం. వరి కోసేశారు, మినుము పీకేశారు, కాలువలు కట్టేశారు, చేలు బోసిగా ఉంటాయి, సర్వేరాళ్ళు పైకి కనిపిస్తాయి. కోర్టువారు నియమించిన అడ్వొకేట్ కమిషనరు పొలం చూడ్డానికి వచ్చేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. సర్వేయరు ఎఫ్.ఎం.బి. కాగితం విప్పి, గొలుసు పరుస్తాడు. వాదివాళ్ళు ఒకవైపు, ప్రతివాదివాళ్ళు ఒకవైపు, తమాషా చూసేవాళ్ళు నాలుగువైపులా. గొలుసు రెండో కొస పట్టుకునే పని మా బోటి కుర్రాళ్ళది. రాయి జరిగిందని ఒకడు, జరగలేదని ఇంకొకడు అరుస్తుంటే కమిషనరు ఎవరితోనూ మాట కలపకుండా తాను చూసిందే రాసుకోవాలి. అది పక్కనుండి చూస్తే, ఆ రిపోర్టు మీద అభ్యంతరాలు ఎలా రాయాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇంకో దిగులు తెలుగు. క్లాట్ రాసి పెద్ద లా యూనివర్సిటీల్లో చేరిన పిల్లలు, బంగారంలాంటి పిల్లలు, పాత దస్తావేజు చేతికిస్తే తెల్లమొహం వేస్తారు. గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా పేజీ అంతా ఒకే తీగలా సాగిపోతుంది. అందులో ఫసలీ సంవత్సరాలు. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని, ఫసలీ 1388 అంటే 1978 జూలైలో మొదలైన ఏడాదని ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. కరణంగారి చేతిరాత చదవడం మాకు పెద్దబాలశిక్షతోపాటే వచ్చింది. 1984లో రామారావుగారి ప్రభుత్వం కరణాలనీ మునసబులనీ తీసేసింది. ఆ కరణాల చేతుల్లో ఎన్ని గట్లు రాత్రికి రాత్రి జరిగాయో నాకు తెలుసు, తీసెయ్యడం తప్పని అనను. కానీ వాళ్ళు రాసిన కాగితాలు ఇంకా కోర్టుల్లో ఉన్నాయి, వాటి మీద తీర్పులింకా రావాలి. అవి చదవగలిగినవాళ్ళు ఏటా ఒకరిద్దరు తగ్గిపోతున్నారు. వేసవిలో మా ఆఫీసుకొచ్చే పిల్లలకి రోజుకి ఒక పేజీ గొలుసుకట్టు చదివిస్తాను. మొదటివారం ఏడుస్తారు. నాలుగోవారానికి వాళ్ళ తాతల దస్తావేజులు ఇంటి నుంచి తెచ్చుకుని చదువుకుంటారు.

పదేపదే గుమాస్తాగారు అంటున్నాను, గమనించావో లేదో. మీ ఐదేళ్ళ సిలబస్‌లో ఆయన ఎక్కడా లేడు. కోర్టు ఫీజు ఎంత, ఏ కాగితం మీద ఏ స్టాంపు, ఫైలింగులో ఏ అభ్యంతరం పెట్టి వెనక్కిస్తారు, తిరిగి ఎన్నాళ్ళలో వెయ్యాలి, నకలు దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ ఆయన నాలిక మీద ఉంటాయి. దబ్బనం, పురికొస పట్టుకుని కట్ట కుట్టడం నాకు ఆయనే నేర్పారు. ఏ కాగితం ఎక్కడుందో కుట్టినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఈ-ఫైలింగ్ వచ్చింది, దబ్బనం పోయింది, గుమాస్తాని పలకరించే ఇంటర్ను కూడా కరువయ్యాడు. ఇంకొక్క మాట. కక్షిదారు చెప్పుకున్నది బయట పెట్టకూడదని పాత ఎవిడెన్స్ యాక్టు ప్లీడరుతో ఆగలేదు, 127వ సెక్షనులో వాళ్ళ గుమాస్తాల్నీ పనివాళ్ళనీ కూడా కట్టేసింది. కక్షిదారు కాగితం ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన కుర్రాణ్ణి నేను ఆ పూటే ఇంటికి పంపేశాను.

ఆ ఎవిడెన్స్ యాక్టులో, పీనల్ కోడులో, క్రిమినల్ ప్రొసీజర్ కోడులో సెక్షన్ల నంబర్లు కూడా ఉంచారా? 2024 జూలై 1 నుంచి అన్నీ మార్చేశారు. 1860 నుంచి ఉన్న 420 ఇప్పుడు 318లోకి పోయింది, 302 వచ్చి 103 అయింది. 144 అంటే ఊళ్ళో మేకలు కాసేవాడు కూడా గుమికూడకూడదని ఇంటికి పోయేవాడు, 163 అంటే ఎవడు కదులుతాడు? పాత కేసులు పాత నంబర్లతో, కొత్త కేసులు కొత్త నంబర్లతో నడుస్తున్నాయి. రెండూ నేర్చుకోక తప్పదు నీకు. ఈ విషయంలో మాత్రం నీ పని మాకంటే కష్టమే.

ఇక ఈ కృత్రిమ మేధ. దావా చిత్తు రాసుకురమ్మంటే పావుగంటలో పన్నెండు పేజీలు తెస్తున్నారు, మంచి ఇంగ్లీషు. చదివితే అది ఏ ఊరి తగాదానో తెలియదు. వ్యాజ్యకారణం పేరాలో తేదీ తప్ప అన్నీ ఉంటాయి. పులిగడ్డ అక్విడెక్టు దాటి వచ్చే కాలువ నీళ్ళు ఆ చేనుకి ఏ తూము నుంచి వస్తున్నాయో దానికెవరు చెప్పాలి? నువ్వు చెప్పాలి. నీకు తెలియాలంటే నువ్వు వెళ్ళాలి.

మా రోజుల్లో అంతా బాగుండేదని అనుకునేవాణ్ణే గానీ, ఆ వరండా ఎవరికి దొరికిందో కూడా చెప్పాలి. నాన్నకి ప్లీడరు తెలిసినవాడికి దొరికింది, ఇంట్లో తిండికి లోటులేనివాడికి దొరికింది. సీనియరు ఇచ్చేది పొద్దునో కాఫీ, సాయంత్రం ఇంకో కాఫీ. కూలివాడి కొడుకు ఆ బల్ల మీద ఎన్నాళ్ళు కూర్చోగలడు? జూనియరు వకీళ్ళకి పట్నాల్లో నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు తక్కువ కాకుండా ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, ఆజ్ఞ కాదు. అయినా ఆ మాట నలభై ఏళ్ళ కిందట అనాల్సింది. ఆ వరండాలో ఆడపిల్ల కూర్చోవడం నేను చూడలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో గట్టిగా చదివేది ఆడపిల్లలే. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతుళ్ళకి పుట్టుకతో వాటా ఇచ్చారు, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. తమ వాటా అడగడానికి వచ్చే ఆడవాళ్ళు ఆ పిల్లల దగ్గర విప్పి చెప్పుకున్నట్టు నా దగ్గర చెప్పుకోరు. ఈ-కోర్ట్స్ యాప్ కూడా అంతే. వాయిదా ఎప్పుడో కనుక్కోవడానికి కోడూరు నుంచి ఒక ముసలాయన బస్సెక్కి రానక్కర్లేదు. చాలా మంచిది. అయితే వాయిదా ఎందుకు పడిందో యాప్ చెప్పదు. అది తెలియాలంటే ఇప్పటికీ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోవలసిందే.

జడ్జీ పరీక్ష రాస్తాను, నాకివన్నీ ఎందుకంటావా? 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్ళీ మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలంది, సివిల్ జడ్జి పోస్టుకి. కాలేజీ గేటు నుంచి నేరుగా బెంచీ ఎక్కే దారి మూసేశారు. నన్నడిగితే సబబైన పనే. ప్రోనోటు తిప్పి చూడనివాడు దాని మీద తీర్పెలా రాస్తాడు?

కాబట్టి ఈ మే నెలలో పెద్ద ఆఫీసులో సీటు దొరకలేదని మొహం వేలాడెయ్యకు. సివిల్ కోర్టు మూసి ఉన్న రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్ళు. పోలీసులు తెచ్చిన మనిషిని మేజిస్ట్రేటు ఏమడుగుతారో, "నిన్నెవరైనా కొట్టారా" అన్నప్పుడు వాడు ఎటు చూస్తాడో చూడు. అరెస్టయిన 24 గంటల్లో హాజరు పెట్టారా లేదా, తేదీతోపాటు గంట కూడా రాసుకో. బందరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళి పని అడుగు. డబ్బులేనివాళ్ళు మొదట తలుపు తట్టేది అక్కడే. అక్కడ వారం కూర్చుంటే నీ డైరీకి రెండు కాదు, ఇరవై మంది కక్షిదార్ల మాటలు దొరుకుతాయి. కోర్టుకెక్కితే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ ఇద్దరినీ చూసి రా. మధ్యాహ్నాలు ఆఫీసులో కట్టలు చదువు. ఒక్కటే కట్ట, మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా, తేదీల పట్టికతో సహా. పది కట్టలు పైపైన తిరగేసినవాడికంటే నీకే ఎక్కువ వస్తుంది.

ఇంకొక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. నాలుగు వారాలు కాగానే సర్టిఫికెట్టు తీసుకుని బస్సెక్కకు. కోర్టులు తెరిచేదాకా ఆగు. నువ్వు మే నెలంతా చదివిన కట్ట జూన్‌లో ట్రయలుకి వస్తుంది. సాక్షి బోనెక్కి, నువ్వు పట్టికలో రాసుకున్న తేదీకి వ్యతిరేకంగా చెబుతాడు. ఆ పూట కోర్టు హాల్లో ఉండు. సెలవు దొరక్కపోతే మీ కాలేజీవాళ్ళకి నేను ఉత్తరం రాస్తాను.